ఒకే పాట, రెండు బాణీలు

అమ్మమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూటమిలో పాట సగంలో ఆగిపోయింది.

ఇంటి ముందు షామియానా వేశాం. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పబోయే ముందు, "తల్లిగారికి ఇష్టమైన కీర్తన ఒకటి పాడుకుందాం" అన్నారు. ఏ కీర్తన అని ఎవరూ అడగలేదు. పెద్ద మామయ్య హార్మోనియం దగ్గరికి లాక్కుని "త్రాహిమాం క్రీస్తు నాథ, దయఁ జూడ రావే" అని ఎత్తుకున్నాడు. గుంటూరు వైపు వాళ్లం అందుకున్నాం. ఆడవాళ్ల వరసలోంచి కాకినాడ అత్తయ్య కూడా అందుకుంది. ఆవిడ చిన్న మామయ్య భార్య, బాప్టిస్టుల ఇంటి ఆడపడుచు, గొంతు ఖంగుమంటుంది. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణంలోకి వచ్చేసరికి మేం పైకెక్కే చోట ఆవిడ కిందికి దిగింది. ఆవిడ వెనకాల ఆవిడ పుట్టింటివాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారాయె. తబలా కుర్రాడు ఇటూ అటూ చూసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. రెండో చరణానికి మామయ్యా అత్తయ్యా ఇద్దరే మిగిలారు, ఎవరి దారిన వాళ్లు. అయ్యగారు కళ్లు మూసుకుని "ప్రార్థన చేద్దాం" అనేశారు.

భోజనాల దగ్గర పంచాయితీ మొదలైంది. "అది కాదమ్మాయ్, ఆ పాట వరస అలా కాదు" అని మామయ్య. "మా తాతలనాటి నుంచీ మా చర్చిలో ఇదే వరస బావగారూ" అని అత్తయ్య. ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం ఉంది. పుస్తకంలో ఒకే మాటలున్నాయి, పాట నెత్తిన ఒకే రాగం పేరు అచ్చు వేసి ఉంది. మరి తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ రోజు నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. "ఈ పాత పాటంటే నాకు ప్రాణం" అని మనం అంటాం కదా, ఆ అనేది దేన్ని? మాటల్నా, వరసనా, రాసినాయన కథనా, పాడిన మనిషినా? ఇవి నాలుగూ ఒక్కటిగా పుట్టలేదు, ఒక్కటిగా ప్రయాణం చెయ్యలేదు. విడివిడిగా వచ్చి మన ఇంట్లో కలుసుకున్నాయి. అందుకే ముడి పడింది.

ముందు పుస్తకం సంగతి చూద్దాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అంటే లూథరన్, సీఎస్‌ఐ, బాప్టిస్టు సంఘాల క్రైస్తవుల ఇళ్లలో బైబిలు పక్కనే ఉండే పుస్తకం. ప్రతి కీర్తనకూ ఒక నంబరు, నెత్తిన రాగం, తాళం, చివర చాలావాటికి రాసినవారి పేరు. శంకరాభరణం, ఆనందభైరవి, మోహన, బిలహరి. ఆది, ఏక, త్రిపుట. అరసున్నలు ఎక్కడివక్కడే ఉంటాయి. చర్చిలో నల్ల చెక్క మీద ఆ ఆదివారపు పాటల నంబర్లు పెట్టేవాళ్లు. మా ఊళ్లో పెద్దవాళ్లు పాటను పేరుతో కాక నంబరుతో పిలిచేవాళ్లు, బస్సును పిలిచినట్టు. బక్త్ సింగ్ అనే సువార్తికుడు పెట్టిన సహవాసాలవాళ్లకు సీయోను గీతములు వేరే పుస్తకం, వేరే నంబర్లు. రెండు సంఘాల వాళ్లు ఒకచోట చేరితే "నంబరు చెప్పకండి, మొదటి మాట చెప్పండి" అనుకోవాల్సిందే.

అన్నీ ఉన్న ఆ పుస్తకంలో స్వరం లేదు. రాగం పేరు ఉంది గానీ ఏ అక్షరం ఏ స్వరం మీద నిలవాలో లేదు. మోహన అని రాస్తే ఏ మెట్ల మీద నడవాలో తెలుస్తుంది, ఏ మెట్టు మీద ఎంతసేపు ఆగాలో తెలియదు. అది చెప్పాల్సింది గురువు. కర్ణాటక సంగీతంలోనైతే ఆ గురువుకో శిష్యపరంపర ఉంటుంది, కచేరీ ఉంటుంది, తప్పు పాడితే ముఖం చిట్లించే రసికులు ఉంటారు. పల్లె చర్చిలో గురువంటే బడిపంతులో, పాస్టరమ్మగారో, గొంతున్న ఒక వితంతువో. ఆవిడ ఎలా పాడితే ఊరికి అదే రాగం. ఆవిడ పెళ్లై వచ్చిన ఊరి వరస కొంచెం, పుట్టింటి వరస కొంచెం. నూరేళ్లు ఇలా నడిస్తే గుంటూరుకో వరస, కాకినాడకో వరస కాక ఇంకేం మిగులుతుంది? మామయ్యా తప్పు పాడలేదు, అత్తయ్యా తప్పు పాడలేదు. రాగం తెలిసిన ఒక సంగీతం మాస్టారు తర్వాత ఇద్దరి వరసలూ విని, పుస్తకంలో ఉన్న రాగం రెండింట్లోనూ లేదని తేల్చారు. ఆ మాట ఇంతవరకూ మామయ్య చెవిన వెయ్యలేదు.

ఇక మాటలు. "త్రాహిమాం" రాసినాయన పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి దగ్గర బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో శ్రీకాకుళంలో బాప్తిస్మం తీసుకున్నారు, 1890లో కన్నుమూశారు. వందకు పైగా కీర్తనలు రాశారు. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆయన్నే ఆద్యుడని చెప్పుకుంటారు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నంలో దిగింది 1805లో, అంటే ఆయన రెండేళ్ల పసివాడుగా ఉన్నప్పుడు. దొరలు తెలుగు నేర్చుకుని, తమ దేశపు పాటల్ని తమ దేశపు వరసల్లో తెలుగు చేసి పాడించే రోజులవి. చౌదరిగారు ఆ దారిన పోలేదు. చిన్ననాటి నుంచి చెవిలో ఉన్న పల్లవి, చరణం, ప్రాస, సంస్కృత సంబోధన, అన్నీ తెచ్చి క్రీస్తు ముందు పెట్టారు. అప్పటికి తెలుగువాడికి భక్తి అంటే కీర్తనే. దేవుడు మారాడు గానీ దేవుణ్ణి పిలిచే పద్ధతి మారలేదు.

ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది. దీని గురించి మన వాళ్లు నోరు విప్పి మాట్లాడుకోవడం తక్కువ.

ఆ కీర్తనలు రాసింది సంస్కృతం తెలిసిన పండితుడు. పాడిందెవరు? తెలుగునాట సంఘాలు నిండింది చాలా వరకు మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల మిషన్ ఏళ్ల తరబడి ఫలితం లేక మూతపడబోయింది. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన వాళ్ల సభలో ఆ ముచ్చటే వచ్చింది. శామ్యూల్ స్మిత్ అనే పాటల రచయిత రాత్రికి రాత్రి ఆ మిషన్‌నే ఉద్దేశించి "ఒంటరి నక్షత్రమా, వెలుగు" అనే అర్థం వచ్చే పద్యం రాసిస్తే, అది విని మనసు మార్చుకున్నారని చెబుతారు. పాట రాసేవాడి చెయ్యి అక్కడా ఉందన్నమాట. ఆ తర్వాత పాతికేళ్లకు, కరువు నెలలు దాటాక, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వేదం చెవిన పడకూడదని ఊరు బయట ఉంచిన మనుషులు వాళ్లు. వాళ్ల నోట "త్రాహి మాం", "పాహి" అని శుద్ధ సంస్కృతం!

దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. ఒకటి: పై కులం భాషే మళ్లీ చర్చి ద్వారంలోంచి వచ్చి నెత్తిన కూర్చుంది, వాళ్ల సొంత పాట కింద పడిపోయింది. ఇందులో నిజం లేకపోలేదు. ఒంగోలు ప్రాంతంలో ఆ ఉద్యమానికి ముందు నిలిచిన యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవంలోకి రాకముందే రాజయోగ బోధలు విని, సాధన చేసిన మనిషి. తత్వాలు పాడుకునే లోకం అది. ఏకతార మీద నడిచే ఆ పాట ముద్రణలోకి రాలేదు, కీర్తన వచ్చింది. కొట్టిన డప్పు చర్చి గుమ్మం దాకా వచ్చి చాలాకాలం బయటే నిలబడింది. దోర్నకల్‌లో అజరయ్యగారు, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయినాయన, భజనకూ కోలాటానికీ పండగల్లో చోటిచ్చారు గానీ అన్ని చోట్లా అలా జరగలేదు.

రెండో చూపు మా అమ్మమ్మ నేర్పింది. ఆవిడకు చదువు రాదు. మిరపకాయల తొడిమలు తీస్తూ ఈ పాట పాడేది. ఆవిడ నోట అది "తాయిమాం". డిగ్రీలో సంస్కృతం చదువుకున్న గర్వంతో ఒకసారి అడిగాను, "అమ్మమ్మా, తాయిమాం అంటే అర్థం తెలుసా?" అని. ఘాటుకు తుమ్మి, ముక్కు చెంగుతో తుడుచుకుని, "కాపాడవయ్యా అని. పక్కనే చెప్పాడుగా, దయ జూడ రావే అని. నువ్వు పాట మొత్తం వినవు" అంది.

ఆ జవాబుకు నా దగ్గర మాట లేకపోయింది. త్రాహి అంటే రక్షించు, మాం అంటే నన్ను. కవి ఆ సంస్కృతాన్ని గాల్లో వదిలేయలేదు. వెంటనే తేట తెలుగులో దాని కడుపులోది బయటపెట్టాడు. చదువుకున్నవాడికి మొదటి సగం, చదువు లేనివాడికి రెండో సగం, ఇద్దరికీ ఒకే పల్లవి. అందుకే ఇదంతా పైవాళ్ల భాష అని కొట్టిపారేసేవాళ్లతో నాకు సగమే ఒప్పుదల. ఎవరికి ఏ మాట నిషేధించారో ఆ మాటను పొలం గట్టు మీద, మిరప కల్లంలో, తమ యాసలో తిప్పి వాడుకోవడం కూడా ఒక గెలుపే. "తాయిమాం" అనడంలో ఉచ్చారణ పోయింది, నిజమే. హక్కు వచ్చింది.

పెద్ద మామయ్య వైపు వాదన వింటే ఇంకో దారి కనబడుతుంది. ఆయన ఎప్పుడూ అంటాడు, "కీర్తనలతోనే ఈ గొడవ. దొరల పాటలకి లేదు. శుద్ధరాత్రి ఎక్కడ పాడినా ఒకటే" అని. ఎందుకు ఒకటే? దాని వరస స్వరాలతో సహా కాగితం మీద ఉంది కాబట్టి. "సైలెంట్ నైట్" అని ఇంగ్లీషువాళ్లు పాడే ఆ క్రిస్మస్ పాటను 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలో ఓబెర్న్‌డోర్ఫ్ అనే చిన్న ఊళ్లో మొదటిసారి పాడారు. మాటలు యోసెఫ్ మోర్ అనే పాదిరివి, స్వరం ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులుది, తోడుగా గిటార్. ఆర్గన్ తిత్తిని ఎలుకలు కొట్టేయడంతో గత్యంతరం లేక గిటార్ వాయించారని క్రిస్మస్ ప్రసంగాల్లో తరచూ చెబుతారు. ముచ్చటైన కథే గానీ దానికి ఆధారం లేదు.

ఆ పాట తెలుగు చేసిన చెయ్యి ఎంత నేర్పరిదో ఒకసారి దగ్గరగా చూడండి. ఇంగ్లీషులో మొదటి మాటకు రెండే అక్షరాలు: సై, లెంట్. తర్వాత నైట్. మొత్తం మూడు. కానీ వరసలో స్వరాలు నాలుగున్నాయి. అందుకే వాళ్లు "సై" అనే ఒక్క అక్షరాన్ని రెండు స్వరాల మీద సాగదీస్తారు. తెలుగాయన ఆ సాగుడులో ఖాళీ చూశాడు. శు, ద్ధ, రా, త్రి. నాలుగు స్వరాలకు నాలుగు అక్షరాలు. ఆ వెంటనే స, ద్ద, ణం, గ. మళ్లీ నాలుగు. పైగా "శుద్ధ", "సద్ద" అని రెండో అక్షరం దగ్గర మోత కలిసింది. చెవికి అది ప్రాసే, దొర పాటలో తెలుగు ప్రాస! "సద్దణంగ" అన్న మాటలో సద్దు అణగడం ఉంది, ఊరు నిద్రపోవడం ఉంది. మూలంలో ఉన్న నిశ్శబ్దం కంటే ఇదే నాకు ఎక్కువ వినిపిస్తుంది. పక్షపాతం అనుకున్నా పర్లేదు.

అన్నిసార్లూ ఇలా కుదరదు. "హాయి లోకమా ప్రభు వచ్చెన్" తీసుకోండి. ఇంగ్లీషు పంక్తిలో, "జాయ్ టు ద వరల్డ్, ద లార్డ్ ఈజ్ కమ్", ఎనిమిది అక్షరాలు. తెలుగులో లెక్కపెడితే తొమ్మిది. వరుసగా పేర్చుకుంటూ పోతే మూడో స్వరం అన్నిటికంటే పొట్టిది, దాని మీద "లో" పడుతుంది. నాలుగోది పొడుగైనది, దాని మీద "క". గురువును కుదించి లఘువును సాగదీయాలి. అంటే "లోకమా" కాస్తా "లొకా...మా" అవుతుంది. "ప్రభు" అన్న రెండక్షరాలూ ఒక్క స్వరంలో ఇరుక్కోవాలి. ఇంగ్లీషు పాట ఊనిక మీద నడుస్తుంది, ఎక్కడ నొక్కి పలుకుతారో అక్కడ స్వరం బరువుగా ఉంటుంది. మనది అక్షరం పొడుగు మీద నడిచే భాష. దీర్ఘాన్ని పొట్టి చేస్తే మాటే మారిపోతుంది. చిన్నప్పుడు నేను చాలాకాలం "లొక" అంటే ఏదో ఊరి పేరనుకున్నాను. తెలుగులోకి వచ్చిన పాశ్చాత్య పాటలు కొన్ని మన నోట కుదురుగా కూర్చుని కొన్ని ఎప్పటికీ అరువు చొక్కాలా ఉండటానికి కారణం ఇదే. భక్తి తక్కువై కాదు, గురులఘువులు తేడా వచ్చి.

ఆ పాట గురించి ఇంకో ముక్క. దాన్ని 1719లో ఐజాక్ వాట్స్ రాసింది క్రిస్మస్ కోసం కాదు. బైబిల్లోని 98వ కీర్తనకు అది ఆయన చేసిన పాట. అందులో పశువుల తొట్టి లేదు, గొల్లలు లేరు, నక్షత్రం లేదు. రాజు వస్తాడు, పొలాలు, నదులు, కొండలు ఆ సంతోషాన్నే మారుమోగిస్తాయి. లోకం మళ్లీ సరవుతుందన్న ఆశ అది. డిసెంబరు చలిలో, నక్షత్రం పట్టుకుని తిరిగే క్యారల్స్ గుంపుకు అది అంటుకుపోయింది. ఇప్పుడు విడదీయడం ఎవరి తరమూ కాదు. రాసినాయన ఉద్దేశం ఒకటి, పాడినవాళ్ల వాడుక ఇంకొకటి. చాలా పాత పాటల బతుకు ఇంతే.

ఈ రెండు దారుల మధ్య ఒక పాట ఉంది. నాకు అన్నిటికంటే దగ్గరిది. "ఉన్నపాటున వచ్చుచున్నాను నీ పాద సన్నిధి కో రక్షకా."

ఇంగ్లండులో షార్లెట్ ఎలియట్ అనే ఆవిడ, ఏళ్ల తరబడి జబ్బుతో ఇంటిపట్టున ఉన్న మనిషి, 1830ల్లో ఒక పాట రాసింది. నేను ఎలా ఉన్నానో అలాగే వస్తున్నాను, చెప్పుకోడానికి నా దగ్గర ఏ సాకూ లేదు అని దాని సారం. అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం కూటాల్లో జనం లేచి ముందుకు నడిచేటప్పుడు పాడేవారు, అలా లోకమంతా తెలిసింది. మన "ఉన్నపాటున" ఆ భావానికి ఈడైన పాట. అలాగని వరసా అక్షరాల లెక్కా అరువు తెచ్చుకోలేదు. నిలువెల్లా కీర్తన. చరణం చూడండి: "ఎన్న శక్యముగాని పాపము లన్ని మోపుగ వీపుపైఁ బడి యున్న విదె నడలేక తొట్రిలు చున్నవాఁడను." ఉన్న, చున్న, ఎన్న, లన్ని, యున్న, మళ్లీ చున్న. ఆ "న్న" దగ్గర గొంతు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి మళ్లీ అడుగేస్తుంది. బరువు మోసేవాడు నడిచే తీరే అది. అడుగు, ఆపు, అడుగు.

పైగా "మోపు". ఎలియట్ పాటలో మూట లేదు. మత్తయి సువార్తలో "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్తజనులారా" అని ఉంది, దాని నుంచి వచ్చి ఉండొచ్చు. కానీ భారం వేరు, మోపు వేరు. భారం గాల్లో ఉండే మాట. మోపు అంటే గడ్డిమోపు, కట్టెల మోపు. ఒకరు పట్టి ఎత్తితే గాని నెత్తికెక్కనిది, ఇంకొకరు పట్టి దించితే గాని దిగనిది. అది మోసి ఎరిగిన జనం ఈ పాట పాడారు. వాళ్లకు అది ఉపమానం కాదు, ఆ సాయంత్రం చేసిన పని.

అన్నిటికంటే నాకు నచ్చేది మొదటి మాటే. "ఉన్నపాటున" అంటే ఇవాళ మన వాడుకలో ఏమిటి? అప్పటికప్పుడు, ఉన్నఫళంగా, చేస్తున్న పని వదిలేసి. ఎలా ఉన్నానో అలా అన్న అర్థం కూడా అందులోనే ఉంది. ఇంగ్లీషు పాటలో ఎలా ఉన్నానో అనేదొక్కటే ఉంది. తెలుగులో ఎలా, ఎప్పుడు రెండూ ఒకే మాటలో ఇమిడాయి. ఆలస్యం చేయకుండా వస్తున్నాను, బాగుపడే దాకా ఆగకుండా వస్తున్నాను. ఇలాంటి మాట దొరకడం అనువాదానికి పట్టే అదృష్టం. ఎంత చెయ్యి తిరిగినవాడైనా కోరి తెచ్చుకోలేడు.

నా సొంత గొడవ కొంచెం. హైదరాబాదులో చదువు మధ్యలో వదిలేసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఊళ్లో దిగాను. సంచిలో మాసిన బట్టలు, చేతిలో చెప్పడానికి ఒక అబద్ధం. అమ్మమ్మ వాకిట్లో కళ్లాపి చల్లుతోంది. నన్ను చూసి ఏమీ అడగలేదు. "ఉన్నపాటున వచ్చావా" అంది. పాట సంగతి ఆవిడ మనసులో ఉందో లేదో తెలియదు, అది ఊళ్లో అందరూ అనే మాటే. నాకు మాత్రం ఆ ఉదయం నుంచి ఆ పాట ఇంకోలా వినబడుతోంది. చరణంలో మోపు దగ్గరికి రాగానే భుజానికి సంచి తాడు ఒరుసుకున్న చోటు గుర్తొస్తుంది. పాట రాసినాయన దృష్టిలో మోపు పాపం. నాది చదువు మానేసిన సిగ్గు. ఈ రెండూ ఒకటి కాదని ఏ పాస్టరుగారైనా చెబుతారు. చెప్పనీ.

అర్థం అనేది పాటలో ఎంత, పాడేవాడిలో ఎంత అన్న తగువు ఇక్కడికొస్తుంది. రచయితల కథల్ని ప్రసంగాల్లో వాడే తీరు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. "అమేజింగ్ గ్రేస్" గురించి అందరూ విన్న కథ ఇది: జాన్ న్యూటన్ బానిసల ఓడ నడిపేవాడు, తుపానులో చిక్కుకుని దేవుణ్ణి పిలిచాడు, బతికి బయటపడి ఆ వ్యాపారం మానేసి పాట రాశాడు. నిజం ఇంత చక్కగా లేదు. తుపాను 1748 మార్చిలో. ఆ తర్వాత కూడా ఆయన బానిసల ఓడల మీదే పనిచేశాడు, కెప్టెన్ అయ్యాడు. 1754లో సముద్రం మానడానికి కారణం ఆరోగ్యం. పాదిరి అయ్యాక, ఓల్నీ అనే ఊళ్లో 1773 కొత్త సంవత్సరపు ఆరాధన కోసం పాట సిద్ధం చేశాడు. బానిస వ్యాపారాన్ని తప్పుపడుతూ బహిరంగంగా రాసింది 1788లో, అంటే తుపానుకు నలభై ఏళ్ల తర్వాత. మనం ఇప్పుడు పాడే వరస ఆ మాటలకు కుదిరింది 1835లో. న్యూటన్ 1807లోనే పోయాడు. తన పాటను ఈ వరసలో ఆయన ఎన్నడూ వినలేదు.

ఈ సంగతి చెబితే కొందరికి కోపం వస్తుంది, కథ పాడుచేశావని. నాకైతే ఈ ఆలస్యపు కథే నిజాయితీగా అనిపిస్తుంది. ఒక్క రాత్రిలో మారిన మనిషిని నేనెక్కడా చూడలేదు. నలభై ఏళ్లకు నోరు పెగిలినవాళ్లను చూశాను.

అక్కడే ఇంకో తమాషా ఉంది. ఇంగ్లీషు పాటల పుస్తకాల్లో పంక్తికి ఎన్ని అక్షరాలో లెక్క వేసి ఉంటుంది. 8, 6, 8, 6 అంటే వాళ్లకు అతి మామూలు కొలత. న్యూటన్ పాటకూ, వాట్స్ "హాయి లోకమా"కూ మూలంలో అదే కొలత. ఒకదాని మాటలు ఇంకోదాని వరసలో హాయిగా పాడుకోవచ్చు. అంటే పాట ఒకటి వరస రెండు అన్నది మామయ్య అనుకున్నట్టు మన కీర్తనల జబ్బేమీ కాదు. దొరల పాటలూ మొదట్లో అలాగే తిరిగాయి. ఎవరో ఒకరు ఒక జోడీని అచ్చు వేశారు, అచ్చు గెలిచింది. "అమేజింగ్ గ్రేస్" మన చెవికి అంత తొందరగా ఎక్కడానికీ కారణం ఉంది: దాని వరస అయిదే స్వరాల్లో తిరుగుతుంది, ఆ అయిదూ మన మోహనలోవే. మా తబలా కుర్రాడి తమ్ముడు కీబోర్డు మీద దాన్ని వాయిస్తుంటే పక్కింటి హరికథ తాతగారు "మోహనేగా" అని తలూపి వెళ్లిపోయారు.

ఇప్పుడు అచ్చు స్థానంలో యూట్యూబు వచ్చింది. స్టూడియోలో రికార్డు చేసిన వరస ఏదైతే ఉందో పిల్లలకు అదే అసలు వరస. గుంటూరూ పోతోంది, కాకినాడా పోతోంది. వాట్సాప్‌లో తిరిగే పాటల్లో రాగం పేరు ఉండదు, రాసినవారి పేరు అసలే ఉండదు. మేం అప్పుడప్పుడు వెళ్లే ఒక చర్చిలో తెర మీద "ఉన్నపాటన" అని పడింది, కొమ్ము ఎగిరిపోయి. సగంమంది అలాగే పాడారు. మొన్నమొన్నటి పాటలనుకునే వాటికి కూడా ఇదే గతి. "నడిపించు నా నావ" ఎ.బి. మాసిలామణిగారు రాశారని మా పిల్లల్లో ఒక్కడికీ తెలియదు. వాళ్ల లెక్కలో అదీ "త్రాహిమాం" అంత పాతదే, పడవపాటలా ఎప్పుడూ ఉన్నదే. ఒకరకంగా పాటకు ఇంతకంటే పెద్ద గౌరవం లేదు. కానీ పేరు పోవడం నాకు మింగుడుపడదు. కింద పేరు ఉన్నందుకే కదా పర్లాకిమిడి దాకా వెనక్కి నడిచి వెళ్లగలిగాం.

అమ్మమ్మ పోయి ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూటమి మే నెలలో, ఎండ నలభై దాటిన రోజున. మామయ్య ముందే జాగ్రత్తపడ్డాడు. ఈసారి గొడవ లేని పాట కావాలి, అందరికీ ఒకే వరస తెలిసుండాలి. ఆయన హార్మోనియం తీసి "హాయి లోకమా" ఎత్తుకున్నాడు. వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మే నెలలో క్రిస్మస్ పాటేంటి బావగారూ" అని కాకినాడ అత్తయ్య గట్టిగానే అంది. నేను 98వ కీర్తన సంగతి చెప్పబోయాను, ఎవరూ వినలేదు. కానీ అందరూ పాడారు, చెమటలు కారుతుండగా, చివరి చరణం దాకా, ఒక్కచోట కూడా విడిపోకుండా. "లొకా...మా" అన్న దగ్గర కూడా అందరిదీ ఒకటే తప్పు.

సాయంత్రం నూతి దగ్గర గిన్నెలు తోముతూ అత్తయ్య "త్రాహిమాం" తీసింది, తన వరసలోనే. పక్కన అమ్మ బూడిద అందిస్తూ గొంతు కలిపింది. చరణం వచ్చింది. అమ్మ పైకి వెళ్లబోయి, ఆగి, అత్తయ్య వెంట కిందికి దిగింది.